కాంటా గది సిస్టంకు అడ్రస్ ఇస్తున్నది ఎవరు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. నేను అకౌంట్లు చూస్తాను. ఆఫీసులో ఫైబర్ మోడెం, దానికి పదహారు పోర్టుల స్విచ్, నాలుగు సిస్టంలు, బిల్లుల ప్రింటర్, కెమెరాల డీవీఆర్, వేలిముద్రల హాజరు మిషన్ ఉన్నాయి. కాంటా గదిలో ఉన్న సిస్టం కూడా కేబుల్‌తో ఆ స్విచ్‌కే కలిసి ఉంది. గోదాములో సిగ్నల్ రావడం లేదని సంక్రాంతి తర్వాత ఒక చిన్న వైఫై రూటర్ కొని, స్విచ్ నుంచి కేబుల్ లాగి పెట్టాం. అప్పటి నుంచి పొద్దున కాంటా సిస్టం ఆన్ చేస్తే ఒక్కోసారి నెట్ రాదు, ప్రింటర్ కనిపించదు. కరెంటు పోయి వచ్చిన రోజుల్లో మరీ ఎక్కువ. ఆఫీసు సిస్టంలకు 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఉంటే, దీనికి 192.168.0.103 అని వచ్చింది. సిస్టంలు చూసే అబ్బాయి కాంటా సిస్టంకు 192.168.1.110 అని చేతితో పెట్టి వెళ్లాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వస్తోంది, తెరిచి చూస్తే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటోంది. మోడెం ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి సరి అవుతుంది, ఒక్కోసారి ఆఫీసులో మరో సిస్టం పోతుంది. మోడెం సెట్టింగుల ఫొటో పంపుతున్నాను. అన్ని సిస్టంలకూ చేతితోనే అడ్రస్‌లు పెట్టించాలా? షాపువాళ్లు సర్వర్ కొనమంటున్నారు, కొనాలా? తూకం కాక ధాన్యం లారీలు గేటు బయట నిలబడిపోతున్నాయి.

సమాధానం: సర్వర్ కొనవద్దు. అన్ని సిస్టంలకూ చేతితో అడ్రస్‌లు పెట్టించవద్దు. మీరు రాసిన మూడు అడ్రస్‌లే మీ సమస్య ఎక్కడుందో దాదాపు పూర్తిగా చెబుతున్నాయి. వాటిని చదవకుండా మోడెం ఆపి ఆన్ చేయడం వల్లనే ఇన్నాళ్లూ సమస్య ఒక సిస్టం నుంచి మరో సిస్టంకు మారుతూ వచ్చింది. మీ మిల్లులో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు. మొదటిది గోదాము రూటర్‌తో వచ్చింది. రెండోది, మొదటి దానికి చేసిన మరమ్మతు వల్ల వచ్చింది.

ముందుగా అడ్రస్ ఎలా వస్తుందో కొంచెం తెలుసుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. ఆటోమేటిక్‌గా అడ్రస్ తీసుకునేలా ఉన్న సిస్టంను ఆన్ చేయగానే అది, తనకు అడ్రస్ ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా అని నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అడుగుతుంది. ఎవరిని అడగాలో దానికి ముందుగా తెలియదు కాబట్టి అందరినీ అడుగుతుంది. దీనికి డీహెచ్‌సీపీ అని పేరు. ఇప్పటికీ వాడుకలో ఉన్న దీని నియమావళి 1997లో వెలువడింది. అడ్రస్ ఇచ్చే పెట్టె, మీ దగ్గరైతే ఫైబర్ మోడెం, ఫలానా అడ్రస్ ఖాళీగా ఉంది, తీసుకోమంటుంది. సిస్టం దాన్నే ఇవ్వమని కోరుతుంది, మోడెం సరే అని ఖాయం చేస్తుంది. అడ్రస్‌తో పాటు బయటికి వెళ్లే దారి ఏదో, అంటే గేట్‌వే ఏదో కూడా అదే చెబుతుంది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది: జవాబు చెప్పేవారు ఇద్దరుంటే, సాధారణంగా సిస్టం ముందుగా వచ్చిన జవాబునే పట్టుకుంటుంది. అది సరైన జవాబో కాదో తేల్చుకునే శక్తి దానికి లేదు. మీ గేటు దగ్గర లారీలకు ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు పుస్తకాల్లోంచి టోకెన్లు చింపి ఇస్తే కాంటా దగ్గర ఏమవుతుందో, మీ నెట్‌వర్క్‌లో ఇప్పుడు అదే జరుగుతోంది.

ఆ రెండో మనిషి గోదాములోని చిన్న రూటర్. దానికి ఆధారం మీరు రాసిన 192.168.0.103. మీ మోడెం ఇచ్చే అడ్రస్‌లన్నీ 192.168.1తో మొదలవుతాయని ఫొటోలో స్పష్టంగా ఉంది, కాబట్టి 192.168.0తో మొదలయ్యే అడ్రస్ మోడెం ఇచ్చినది కానే కాదు. బజారులో దొరికే చిన్న రూటర్లు చాలావరకు 192.168.0.1 అనే అడ్రస్‌తో, డీహెచ్‌సీపీ ఆన్ చేసి ఉన్న స్థితిలోనే వస్తాయి. అలాంటి రూటర్ వెనుక సాధారణంగా ఒక పోర్టు వేరే రంగులో, వ్యాన్ అనే పేరుతో ఉంటుంది, అది బయటి నుంచి నెట్ వచ్చే దారి. మిగతావన్నీ ఒకే రంగులో, లోపలి పరికరాలను కలపడానికి ఉండే ల్యాన్ పోర్టులు. స్విచ్ నుంచి వచ్చిన కేబుల్‌ను వ్యాన్ పోర్టులో పెడితే ఆ రూటర్ తన వెనుక ఉన్న ఫోన్లకు మాత్రమే అడ్రస్‌లు ఇస్తుంది, బయట ఎవరి జోలికీ పోదు. ల్యాన్ పోర్టులో పెడితే మాత్రం అది స్విచ్ మీదుగా మిల్లు మొత్తానికీ జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. కాంటా సిస్టం గోదాము రూటర్‌కు కలిసి లేకపోయినా దాని అడ్రస్ తీసుకుందంటే కేబుల్ ల్యాన్ పోర్టులో ఉన్నట్టే. అలా అడ్రస్ తీసుకున్న సిస్టంకు గేట్‌వే కూడా గోదాము రూటరే అవుతుంది. దాని వ్యాన్ పోర్టు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడి నుంచి నెట్‌కు దారి లేదు. ప్రింటర్ వేరే శ్రేణిలో ఉంది కాబట్టి అదీ అందదు. రెండూ ఒకేసారి పోవడానికి కారణం ఇదే.

కరెంటు పోయి వచ్చిన రోజు సమస్య ఎక్కువ కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఫైబర్ మోడెం పూర్తిగా లేచి లైన్ పట్టుకుని పని మొదలుపెట్టడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. చిన్న రూటర్ అంతకంటే త్వరగా లేస్తుంది. ఆ మధ్య సమయంలో ఆన్ అయిన ప్రతి సిస్టంకూ జవాబు చెప్పేది గోదాము రూటర్ ఒక్కటే. మీరు మోడెంను ఆపి ఆన్ చేసినప్పుడు ఆఫీసులో మరో సిస్టం పోవడం కూడా ఇలాంటిదే: మోడెం నిద్రలో ఉన్న ఆ కొద్దిసేపట్లో అడ్రస్ అడిగిన సిస్టం గోదాము రూటర్ చేతికి చిక్కుతుంది. కాబట్టి ఇకమీదట నెట్ రాకపోతే మోడెం స్విచ్ మీద చెయ్యి వేయవద్దని ఆఫీసులో అందరికీ గట్టిగా చెప్పండి. ముందు ఆగిపోయిన సిస్టం ఏం చెబుతోందో చదవాలి.

చదవడం ఇలా. విండోస్ కీ పట్టుకొని ఆర్ నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో సీ, ఎం, డీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఒకే పదంగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ గుర్తు పెట్టి, దాని పక్కనే ఆల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. చాలా పంక్తులు వస్తాయి. వాటిలో ఈథర్‌నెట్ అనే శీర్షిక కింద ఉన్న నాలుగు పంక్తులు చాలు. డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అనే పంక్తిలో యెస్ ఉందా నో ఉందా, ఐపీవీ4 అడ్రస్ ఏమిటి, డిఫాల్ట్ గేట్‌వే ఏమిటి, డీహెచ్‌సీపీ సర్వర్ అనే పంక్తిలో ఏ అడ్రస్ ఉంది అన్నవి చూడాలి. నా దృష్టిలో ఈ చివరి పంక్తి అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే ఈ సిస్టంకు అడ్రస్ ఇచ్చినవారెవరో అందులో రాసి ఉంటుంది. అక్కడ 192.168.1.1 ఉంటే మీ మోడెం, 192.168.0.1 ఉంటే గోదాము రూటర్. ఇంకా రుజువు కావాలంటే అదే కిటికీలో ఏఆర్‌పీ అని కొట్టి, ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, ఏ అని కొట్టండి. 192.168.0.1కి ఎదురుగా పన్నెండు అంకెలు, అక్షరాలతో ఒక మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరాన్ని గుర్తించే నంబరు, కనిపిస్తుంది. గోదాము రూటర్‌ను తిప్పి దాని అడుగున అంటించిన స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌తో పోల్చి చూడండి. చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ ఉన్నా అదే పెట్టె అనుకోవచ్చు, ఎందుకంటే ఒకే రూటర్‌లో వ్యాన్‌కు, ల్యాన్‌కు, వైఫైకి పక్కపక్క నంబర్లు ఉండటం మామూలే.

ఇప్పుడు రెండో లోపం. చేతితో 192.168.1.110 పెట్టగానే కాంటా సిస్టం ఎవరినీ అడగడం మానేసింది, కాబట్టి గోదాము రూటర్ బెడద దానికి తప్పింది. కొన్నాళ్లు బాగా నడవడానికి కారణం అది. కానీ మీరు పంపిన ఫొటోలో మోడెం పంచిపెట్టే శ్రేణి 192.168.1.100 నుంచి 192.168.1.149 వరకు ఉంది. 110 ఆ శ్రేణి లోపలిది. ఆ అడ్రస్‌ను మీరు తీసుకున్నారని మోడెంకు ఎవరూ చెప్పలేదు. దాని జాబితాలో 110 ఇంకా ఖాళీగానే ఉంది. రాత్రి కాంటా సిస్టం ఆపేసి వెళ్తారు. ఆ తర్వాత ఏ వాచ్‌మన్ ఫోనో, లోడు దించడానికి వచ్చి ఆగిన డ్రైవర్ ఫోనో వైఫైకి కలిస్తే మోడెం దానికి 110 ఇస్తుంది. ఇచ్చే ముందు ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారేమో అని పిలిచి చూసే మోడెంలు ఉన్నాయి, కానీ ఆపేసిన సిస్టం పలకదు కదా. పొద్దున మీరు సిస్టం ఆన్ చేసేసరికి 110లో మరొకరు ఉంటారు. విండోస్ ఆ సంగతి కనిపెట్టి, గొడవ పడకుండా తన 110ని పక్కన పెట్టి, 169.254తో మొదలయ్యే తాత్కాలిక అడ్రస్ పెట్టుకుంటుంది. నేను పైన చెప్పిన నల్లకిటికీలో చూస్తే 110 పక్కన డూప్లికేట్ అని కూడా రాసి ఉంటుంది.

169.254 కనిపించగానే చాలామంది మోడెం అడ్రస్ ఇవ్వడం లేదనే తీర్మానానికి వచ్చేస్తారు. డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అన్నచోట యెస్ ఉంటే ఆ తీర్మానం సరైనదే: సిస్టం అడిగింది, ఎవరూ పలకలేదు. కానీ అక్కడ నో ఉండి కూడా 169.254 కనిపిస్తే అది దాదాపు కచ్చితంగా ఢీకొన్న అడ్రస్ వ్యవహారం. మీది రెండోది. ఎవరితో ఢీకొన్నదో తెలుసుకోవాలంటే విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టం అనే విభాగంలో 4199 నంబరు ఉన్న నమోదును వెతకండి. ఏ మ్యాక్ అడ్రస్ ఉన్న పరికరంతో గొడవ వచ్చిందో అందులో ఉంటుంది. మోడెం సెట్టింగుల పేజీలోని పరికరాల జాబితాలో అదే మ్యాక్ అడ్రస్ కనిపిస్తే, ఆ ఫోన్ ఎవరిదో కూడా తెలిసే అవకాశం ఉంది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఊహలతో కొట్టుమిట్టాడడం కంటే ఈ ఒక్క నమోదు చూడటం మేలు.

పని మొదలుపెట్టేందుకు చివరి లారీ వెళ్లిపోయిన తర్వాతి సమయాన్ని ఎంచుకోండి. కొనుగోళ్లు జోరుగా సాగే పగటిపూట ఇలాంటివి ముట్టుకోవద్దు. ముందుగా గోదాము రూటర్‌కు వెళ్లే కేబుల్‌ను స్విచ్ దగ్గరే ఊడదీయండి. తర్వాత కాంటా సిస్టంలో చేతితో పెట్టిన అడ్రస్‌ను తీసేసి, అడ్రస్‌ను, డీఎన్‌ఎస్‌ను (సైట్ పేరును దాని అడ్రస్‌గా మార్చి చెప్పే ఏర్పాటు) కూడా ఆటోమేటిక్‌గా తీసుకునే ఎంపికకు మార్చండి. చాలాసార్లు అడ్రస్ ఒక్కటే మార్చి డీఎన్‌ఎస్‌ను వదిలేస్తారు, అప్పుడు ప్రింటర్ పని చేస్తుంది కానీ సైట్లు తెరుచుకోవు. మళ్లీ నల్లకిటికీలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ పంక్తిలో 192.168.1.1 వచ్చి, అడ్రస్ 192.168.1తో మొదలైతే మొదటి లోపం నిర్ధారణ అయినట్టే. ఆ స్థితిలో ఒకటి రెండు రోజులు, కుదిరితే ఒకసారి కరెంటు పోయి వచ్చేదాకా నడపండి. గోదాములో వైఫై లేక కొంచెం ఇబ్బంది అయినా సరే, ఓపిక పట్టండి. అనుమానం పూర్తిగా తీరిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

గోదాము రూటర్‌ను పారేయవలసిన పని లేదు. ఒక ల్యాప్‌టాప్‌ను నేరుగా దానికే కలిపి, దాని సెట్టింగులు తెరవండి. యాక్సెస్ పాయింట్ మోడ్ అనే ఎంపిక ఉంటే దాన్ని ఎంచుకుంటే చాలు, అడ్రస్‌లు పంచడం అది మానేస్తుంది. ఆ ఎంపిక లేని రూటర్ అయితే ముందుగా దాని ల్యాన్ అడ్రస్‌ను 192.168.1.2కి మార్చండి, సేవ్ అయ్యాక ఆ కొత్త అడ్రస్‌తోనే మళ్లీ తెరిచి డీహెచ్‌సీపీని ఆపేయండి, ఆ తర్వాత స్విచ్ కేబుల్‌ను ల్యాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. వ్యాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి. 192.168.1.2ను మరే పరికరమూ వాడటం లేదని మోడెం జాబితాలో ముందే చూసుకోండి. ఇకమీదట ఎవరైనా దాని రీసెట్ బటన్ నొక్కితే డీహెచ్‌సీపీ మళ్లీ ఆన్ అయిపోయి ఇదంతా మొదటికి వస్తుంది. గోదాములో నెట్ రాకపోతే సూది పెట్టి రీసెట్ నొక్కే ఉత్సాహవంతులు ప్రతిచోటా ఉంటారు. రీసెట్ నొక్కవద్దు, ఆఫీసుకు చెప్పండి అని తెలుగులో పెద్దగా రాసి దాని మీద అంటించండి.

ఇక కాంటా సిస్టంకు, ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్ ఉండాలని మీ అబ్బాయి అనుకోవడం తప్పేమీ కాదు. ప్రింటర్ అడ్రస్ మారితే సిస్టంలన్నీ దాన్ని పోగొట్టుకుంటాయి. అయితే ఆ పని సిస్టంలో కూర్చుని చేయకూడదు, మోడెంలో చేయాలి. మోడెం పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ డీహెచ్‌సీపీ అనో ఒక చోటు ఉంటుంది. అక్కడ పరికరం మ్యాక్ అడ్రస్, దానికి ఇవ్వవలసిన అడ్రస్ రాసిపెడితే, ఆ పరికరం ఆటోమేటిక్‌గానే అడుగుతుంది, మోడెం ప్రతిసారీ అదే అడ్రస్ ఇస్తుంది, మరెవరికీ దాన్ని ఇవ్వదు. కాంటా సిస్టంకు 110 కావాలంటే 110నే ఉంచుకోవచ్చు. మోడెంకు తెలిసి ఇచ్చినది కాబట్టి శ్రేణి లోపల ఉన్నా ప్రమాదం లేదు. వేలిముద్రల మిషన్ వంటి కొన్ని పాత పరికరాలకు ఆటోమేటిక్ ఎంపికే ఉండదు. వాటికి మాత్రం చేతితో పెట్టండి, కానీ శ్రేణికి బయట, అంటే 192.168.1.10 నుంచి 192.168.1.49 మధ్యలో పెట్టండి. చేతితో పెట్టినది బయట, మోడెం ఇచ్చేది లోపల అన్న గీతను ఎవరూ దాటకూడదు.

మీ డీవీఆర్‌ను ఈ సందర్భంలోనే ఒకసారి చూడండి. కొన్ని రకాల డీవీఆర్‌లు, కెమెరాలు ఫ్యాక్టరీ నుంచే 192.168.1.108 అనే స్థిరమైన అడ్రస్‌తో వస్తాయి. పెట్టినవారు దాన్ని మార్చకుండా వదిలేసి ఉంటే అది మీ శ్రేణి నడిమధ్యలో కూర్చుని ఉన్నట్టు. కాంటా సిస్టం సరైపోయిన తర్వాత ఇంకెవరి ఫోనుకో నెట్ ఆగిపోతోందన్న ఫిర్యాదు వస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

శ్రేణి గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు కాకపోయినా వానాకాలం ధాన్యం వచ్చేనాటికి ఇది మిమ్మల్ని తప్పక ఇబ్బంది పెడుతుంది. 100 నుంచి 149 వరకు అంటే యాభై అడ్రస్‌లు. లీజ్ టైం, అంటే ఇచ్చిన అడ్రస్‌కు ఉండే గడువు, 86400 అని ఫొటోలో ఉంది. అది సెకన్లలో ఇచ్చిన లెక్క, సరిగ్గా 24 గంటలు. ఒక డ్రైవర్ ఫోన్ పది నిమిషాలు వైఫైకి కలిసి వెళ్లిపోయినా ఆ అడ్రస్ సాధారణంగా మరుసటి రోజు అదే సమయం వరకు అతని పేరు మీదే ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన డ్రైవర్లు, రైతులు, హమాలీలు, మీ సిబ్బంది అందరినీ కలిపితే జోరు మీదున్న రోజున యాభై ఇట్టే అయిపోతాయి. మరోవైపు మీ సొంత సిస్టంల పరిస్థితి చూడండి. సిస్టం తన లీజ్‌లో సగం, అంటే 12 గంటలు గడిచాక పొడిగింపు అడుగుతుంది. పొద్దున 8 గంటలకు ఆన్ చేసి రాత్రి 7 గంటలకు ఆపేసే సిస్టంకు ఆ పన్నెండో గంట ఎప్పుడూ రాదు. మరునాడు 9 గంటలకు ఆన్ చేస్తే దాని గడువు 8 గంటలకే తీరిపోయి ఉంటుంది, ఆ గంటలో అడ్రస్‌ను మోడెం ఇంకొకరికి ఇచ్చి ఉండవచ్చు. ఖాళీలు లేకపోతే సిస్టంకు జవాబే రాదు, 169.254 పెట్టుకుని, కొన్ని నిమిషాలకోసారి మళ్లీ అడుగుతూ కూర్చుంటుంది. యజమాని సిస్టంకు దొరకని అడ్రస్ దారిన పోయే ఫోనుకు దొరకడం ఏ మిల్లుకూ మంచిది కాదు.

కాబట్టి శ్రేణిని 192.168.1.100 నుంచి 192.168.1.220 వరకు పెంచండి, మిల్లు పరికరాలన్నిటికీ రిజర్వేషన్ చేయండి, వైఫై పాస్‌వర్డ్ మార్చండి, బయటివారికి వేరే గెస్ట్ వైఫై ఇవ్వండి. కొన్ని మోడెంలలో గెస్ట్ వైఫై కూడా అదే శ్రేణిలోంచి అడ్రస్‌లు తీసుకుంటుంది; మీది అలాంటిదే అయితే లీజ్‌ను నాలుగు గంటలకు తగ్గించండి. గోదాము పెట్టెకు మోడెంలోని గెస్ట్ ఏర్పాటు వర్తించదు, కాబట్టి అక్కడి పాస్‌వర్డ్‌ను బయటివారికి చెప్పవద్దు. ఇది అడ్రస్‌ల కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు. బిల్లులు, ఈ-వే బిల్లులు చేసే సిస్టంలు, అకౌంట్ల ఫోల్డర్ ఉన్న నెట్‌వర్క్‌లోకి ముక్కూమొహం తెలియని ఫోన్లను రానివ్వడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

కేబుల్ సంగతి క్లుప్తంగా. ఆటోమేటిక్‌కు మార్చిన తర్వాత కూడా కాంటా సిస్టం ఒక్కదానికే 169.254 వస్తూ, డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అన్నచోట యెస్ ఉంటే, ఆ సిస్టంను ఆఫీసుకు తెచ్చి చిన్న కేబుల్‌తో స్విచ్‌కు కలిపి చూడండి. వెంటనే అడ్రస్ వస్తే లోపం దారిలో ఉంది. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్‌కు పరిమితి 100 మీటర్లు. మిల్లు ఆవరణ చుట్టూ తిప్పి లాగితే ఆ పరిమితి తెలియకుండానే దాటిపోతుంది. మోటార్ల కరెంటు వైర్లతో కలిపి ఒకే పైపులో లాగడం, మధ్యలో అతుకులు వేయడం, గోదాములో ఎలుకలు కొరకడం, తౌడు దుమ్ము సాకెట్‌లో పేరుకోవడం మిల్లుల్లో సాధారణం. దూరం 100 మీటర్లు దాటితే ఫైబర్ లాగి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌ను రాగి కేబుల్‌తో కలిపే చిన్న పెట్టెలు, పెట్టించండి. పిడుగులు పడే కాలంలో ఆ ఫైబర్ మీద కరెంటు ప్రయాణించి స్విచ్‌ను కాల్చే భయం కూడా ఉండదు.

మోడెంకు, స్విచ్‌కు, కాంటా దగ్గరి సిస్టంకు యూపీఎస్ తప్పనిసరి. సర్వర్ కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంత భాగం దీనికి చాలు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొద్ది క్షణాల్లో మోడెం ఆగిపోతే, ఏ అడ్రస్ ఎవరికి ఇచ్చిందో అన్న జాబితాను అది మరిచిపోవచ్చు. చిన్న మోడెంలు చాలావరకు దాన్ని తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంచుకుంటాయి. మళ్లీ లేచాక అప్పటికే వాడుకలో ఉన్న అడ్రస్‌ను వేరొకరికి ఇవ్వబోవడం, ఆ తర్వాత గొడవ, మీకు ఇప్పటికే పరిచయమైన వ్యవహారం. రిజర్వేషన్లు సెట్టింగుల్లో భాగం కాబట్టి అవి కరెంటు పోయినా చెరిగిపోవు.

ఒకవేళ నెట్ ఇచ్చే కంపెనీ ఎప్పుడైనా మోడెం మారిస్తే మాత్రం రిజర్వేషన్లు, శ్రేణి, గెస్ట్ వైఫై అన్నీ దానితో పాటే పోతాయి. అందుకని ఆవక జావక పుస్తకం పక్కనే ఇంకో నోటు పుస్తకం పెట్టి, ప్రతి పరికరానికీ దాని పేరు, ఉన్న గది, మ్యాక్ అడ్రస్, ఇచ్చిన అడ్రస్, అది రిజర్వేషనా లేక చేతితో పెట్టినదా అన్నది, మార్చిన తేదీ, మార్చినవారి పేరు రాసి ఉంచండి. సిస్టంలు చూసే అబ్బాయి వచ్చిన ప్రతిసారీ అందులో రాసి సంతకం చేసిన తర్వాతే అతనికి డబ్బు ఇవ్వండి. కొత్త మోడెం పెట్టే రోజున అతను ఊళ్లో లేకపోయినా ఆ పుస్తకం చూసి మీరే అంతా తిరిగి రాసుకోగలుగుతారు.

ఇవన్నీ చేసిన తర్వాత కూడా ఏదైనా సిస్టం మొరాయిస్తే, మోడెం ఆపకముందే ఆ నాలుగు పంక్తుల ఫొటో తీసి, అదే సమయంలో మోడెం పేజీలో కనిపిస్తున్న పరికరాల జాబితా ఫొటోతో కలిపి పంపండి. ఆ రెండూ ఒకే సమయానివి కావడం ముఖ్యం.